సముద్రం లేని రాజ్యం: హైదరాబాదు సంస్థానం, ఆఫ్రికా భూపరివేష్టిత దేశాలు - మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నేపథ్యంలో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సముద్రతీరం లేకపోవడాన్ని సాధారణంగా ప్రకృతి నిర్ణయించిన స్థితిగా భావిస్తారు. హైదరాబాదు సంస్థానానికి 18వ శతాబ్దపు మధ్యభాగం వరకు తీరం ఉంది. యుద్ధాలు, ఒప్పందాల ఫలితంగా ఆ తీరం చేజారింది. ఆఫ్రికాలోని ఇథియోపియా, జాంబియా, మాలి, లెసోతో, మలావీ దేశాల అనుభవంతో పోల్చి చూసినప్పుడు, భూపరివేష్టిత స్థితి ప్రధానంగా పొరుగు అధికారంతో గల సంబంధంపై ఆధారపడిన రాజకీయ స్థితి అని తెలుస్తుంది. హైదరాబాదు నగరానికి ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో సంస్థాన కాలపు రైలుమార్గం నుంచి నేటి టీకా పరిశ్రమ వరకు జరిగిన మార్పులను ఈ వాదనకు ఉదాహరణగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: భూపరివేష్టిత రాజ్యం, హైదరాబాదు సంస్థానం, మచిలీపట్నం, ఉత్తర సర్కారులు, మేడ్చల్, శామీర్‌పేట, రవాణా హక్కు, ఆఫ్రికా

1. ఉపోద్ఘాతం

తీరం లేని దేశాన్ని తెలుగు పాఠ్యపుస్తకాలు 'భూపరివేష్టిత దేశం' అంటాయి. భూమిచేత చుట్టబడినది అని ఈ సమాసానికి అర్థం. ఈ పదం స్థితిని స్పష్టంగానే చెబుతుంది గాని, ఒక ముఖ్యవిషయాన్ని మరుగుపరుస్తుంది. అటువంటి దేశాన్ని చుట్టి ఉండేది భూమి మాత్రమే కాదు. ఆ భూమిపై హక్కు గల మరొక ప్రభుత్వం కూడా. సరుకు సముద్రం చేరాలంటే కొండలు, నదులు దాటడంతో పాటు ఆ ప్రభుత్వపు అనుమతిని, సుంకాన్ని, కొన్ని సందర్భాలలో ఆగ్రహాన్ని కూడా దాటవలసి ఉంటుంది.

ఆఫ్రికా ఖండంలో నేడు 16 భూపరివేష్టిత దేశాలున్నాయి. ఐక్యరాజ్యసమితి గుర్తించిన 32 భూపరివేష్టిత అభివృద్ధి చెందుతున్న దేశాలలో ఇవి సరిగ్గా సగం. తెలుగు పాఠకులకు ఇవి దూరదేశాలుగా తోచవచ్చు. కానీ తెలుగువారిలో ఒక పెద్ద భాగం దాదాపు 160 సంవత్సరాల పాటు ఇటువంటి రాజ్యంలోనే జీవించింది. 1901 నాటి లెక్కల ప్రకారం హైదరాబాదు సంస్థాన వైశాల్యం 82,698 చదరపు మైళ్ళు, అంటే సుమారు 2,14,000 చదరపు కిలోమీటర్లు. నేటి ఉగాండా కంటే ఇది కొంత చిన్నది. మలావీకి దాదాపు రెట్టింపు. 1941 జనాభా లెక్కలలో సంస్థాన జనసంఖ్య సుమారు 1 కోటి 63 లక్షలు. సొంత నాణెం, సొంత తపాలా, సొంత రైల్వే, సొంత సుంకాల వ్యవస్థ గల ఈ రాజ్యానికి ఒక్క ఓడరేవు కూడా లేదు.

ఈ లోటు సంస్థాన రాజకీయ చరిత్రను ఎంతవరకు నిర్ణయించింది? 1948 నాటి పరిణామాన్ని భౌగోళిక అనివార్యతగా వివరించవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడానికి ఆఫ్రికా దేశాల చరిత్ర ఉపకరిస్తుంది.

2. భౌగోళిక స్థితి

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు దక్కన్ పీఠభూమిపై, గ్రానైటు గుట్టలు, చెరువుల నడుమ ఉన్నాయి. దక్షిణాన మూసీ నది కృష్ణలో కలుస్తుంది. ఉత్తరాన హల్దీ వాగు మంజీరలో కలిసి, ఆ నీరు గోదావరికి చేరుతుంది. ఈ విధంగా ఇది కృష్ణా, గోదావరి పరీవాహకాల మధ్యనున్న మిట్టప్రాంతం. ఇరువైపులా జారే వాననీరు చివరకు బంగాళాఖాతం చేరుతుంది.

అయితే ఈ నదులు నీటిని మోసినంత సులభంగా పడవలను మోయలేదు. వేసవిలో ఎండిపోవడం, మధ్యమధ్య రాతి అడ్డంకులు ఉండడం ఇందుకు కారణాలు. బీరారు, నాగపూరు ప్రాంతాల పత్తిని గోదావరి మీదుగా తీరానికి చేర్చాలని 19వ శతాబ్దం మధ్యలో ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో పనులు మొదలయ్యాయి. దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ నిర్మాణం ఈ ప్రణాళికలో భాగమే. ఖర్చు పెరిగి, రైళ్ళతో పోటీకి నిలవలేక 1871లో ఈ పథకం ఆగిపోయింది. దాదాపు అదే కాలంలో ఆఫ్రికాలో డేవిడ్ లివింగ్‌స్టన్ జాంబెజీ నదిని ఖండాంతర్భాగానికి జలమార్గంగా మార్చాలని 1858లో యాత్ర ప్రారంభించాడు. కెబ్రబాస ప్రపాతాలు ఆ ఆశను వమ్ము చేశాయి. రెండు ఖండాలలోనూ లోతట్టు నేలలకు సముద్రాన్ని దగ్గర చేయడానికి రైలు తప్ప మార్గాంతరం లేకపోయింది.

దూరం విషయానికి వస్తే హైదరాబాదు పరిస్థితి ఆఫ్రికా దేశాల కంటే ఎంతో మెరుగు. నగరం నుంచి మచిలీపట్నం సుమారు 340 కిలోమీటర్లు. సంస్థానపు తూర్పు సరిహద్దు కొన్నిచోట్ల సముద్రానికి 150 కిలోమీటర్ల లోపే ఉండేది. ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి జిబూటీ రేవుకు రైలుమార్గం సుమారు 750 కిలోమీటర్లు. జాంబియాలోని కపిరి మ్పోషి నుంచి టాంజానియా తీరంలోని దార్ ఎస్ సలాం వరకు 1,860 కిలోమీటర్లు. అందుచేత హైదరాబాదు సమస్యను దూరం ఒక్కదానితో వివరించలేము. సరిహద్దు ఎవరితో ఉన్నదనేది కూడా చూడాలి. సంస్థానానికి పడమట బొంబాయి రాజధాని, ఉత్తరాన మధ్యపరగణాలు, తూర్పు, దక్షిణాల మద్రాసు రాజధాని ఉండేవి. పేర్లు మూడైనా వాటి వెనుక ఉన్న అధికారం ఒక్కటే. ఉగాండా వంటి దేశానికి కెన్యా దారి మూసుకుంటే టాంజానియా దారి ఉంటుంది. హైదరాబాదుకు అటువంటి ఎంపిక లేదు. ఈ విషయంలో దానికి సరిపోలిన ఆఫ్రికా దేశం, నాలుగువైపులా దక్షిణాఫ్రికాయే ఉన్న లెసోతో.

3. తీరం చేజారిన క్రమం

తెలంగాణ నేలపై వెలసిన రాజ్యాలు మొదటినుంచీ తీరం లేనివి కావు. ఓరుగల్లు రాజధానిగా పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకునేవారని, తాను నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని ఆ శాసనం విదేశీ వర్తకులకు హామీ ఇస్తుంది. లోతట్టున రాజధాని గల రాజు తన రాజ్యపు ఆయువుపట్టు తీరంలో ఉన్నదని గుర్తించాడనడానికి ఈ శాసనం నిదర్శనం. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండకు మచిలీపట్నం అదే పాత్ర నిర్వహించింది. 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తకస్థావరం ఏర్పరచుకున్నారు.

అసఫ్‌జాహీ వంశస్థాపకుడు నిజాముల్ముల్క్ 1724లో దక్కనులో స్వతంత్రాధికారం నెలకొల్పే నాటికి ఈ తీరం ఆయన ఆధీనంలోకి వచ్చే సుబాలో భాగమే. తర్వాతి ఆరున్నర దశాబ్దాలలో అది మూడు దశలలో చేజారింది.

మొదటి దశలో, 1753లో సలాబత్ జంగ్ ఫ్రెంచి సేనల పోషణ నిమిత్తం ఉత్తర సర్కారులను బుస్సీకి అప్పగించాడు. 1758లో చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759లో ఆంగ్లేయులు మచిలీపట్నం కోటను పట్టుకోగా, సలాబత్ జంగ్ ఆ రేవును వారికి వదులుకున్నాడు. రెండవ దశలో, 1765లో ఈస్టిండియా కంపెనీ మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి సర్కారులకు ఫర్మానా పొందింది. 1766, 1768 ఒప్పందాలతో నిజాం అలీఖాన్ పేష్కష్ చెల్లింపుకు బదులుగా దీనిని అంగీకరించాడు. మూడవ దశలో, బసాలత్ జంగ్ జాగీరుగా మిగిలిన గుంటూరు సర్కారు 1788లో కంపెనీకి చేరింది. అంతటితో నిజాం రాజ్యానికి సముద్రం దూరమైంది. 1823లో కంపెనీ పేష్కష్‌ను కూడా ఒకే మొత్తం చెల్లించి శాశ్వతంగా తీర్చివేయడంతో తీరంపై నిజాం ప్రభుత్వానికి మిగిలిన చివరి ఆర్థికబంధం తెగిపోయింది.

ఇందులో గమనించదగినది తీరం పోయిన తీరు. నిర్ణాయక యుద్ధంలో ఓడి కోల్పోయినదాని కంటే సైనిక సహాయానికి మూల్యంగా ఇచ్చినదే ఎక్కువ. ఆఫ్రికాలో ఇథియోపియా ఉదాహరణ ఇంకా ఇటీవలిది. ఎరిత్రియా 1993లో స్వతంత్రదేశం కావడంతో ఇథియోపియా తీరరహితమైంది. నేడు పదికోట్లకు పైబడిన జనాభాతో ప్రపంచంలో అతిపెద్ద భూపరివేష్టిత దేశం అదే. తక్కిన అనేక ఆఫ్రికా దేశాల సరిహద్దులు 1884-85 బెర్లిన్ సమావేశం తర్వాత ఐరోపా రాజ్యాలు పంచుకున్న వలసల గీతలు. 1964లో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఆ సరిహద్దులనే గౌరవించాలని కైరోలో తీర్మానించింది. వలసపాలనలో పరిపాలనా రేఖలుగా ఉన్నవి స్వాతంత్ర్యానంతరం అంతర్జాతీయ సరిహద్దులయ్యాయి.

4. కాగితంపై రవాణా హక్కు

తీరం పోయినా, తీరాన్ని వాడుకునే హక్కు కోసం హైదరాబాదు ప్రయత్నించింది. 1802లో నిజాం ప్రభుత్వానికి, కంపెనీకి మధ్య కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం మచిలీపట్నం రేవును స్వేచ్ఛగా వాడుకునే వీలు, అక్కడ వర్తకస్థావరాన్ని, ప్రతినిధులను నిలుపుకునే హక్కు నిజాంకు లభించాయి. సంస్థానంలోకి వచ్చే సరుకుపై 5 శాతం సుంకం విధించే పద్ధతి కూడా ఈ ఒప్పందంతోనే స్థిరపడింది. ఆధునిక పరిభాషలో దీనిని రవాణా హక్కు అనవచ్చు.

ఈ హక్కు ఆచరణలో ఫలించిన దాఖలాలు స్వల్పం. ఇందుకు రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, మచిలీపట్నం రేవు క్రమంగా క్షీణించింది. పూడిక సమస్యకు తోడు 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన దాదాపు 30,000 మందిని బలిగొని పట్టణాన్ని కోలుకోలేని దెబ్బతీసింది. రెండు, రైలుమార్గాలు వచ్చాక సరుకు బొంబాయి, మద్రాసు రేవులకు మళ్ళింది. హక్కు ఒక రేవుపై ఉండగా వర్తకం మరో రేవుకు తరలిపోయింది.

అంతర్జాతీయ చట్టం ఈ సమస్యను గుర్తించడానికి చాలాకాలం పట్టింది. 1921 బార్సిలోనా ఒప్పందం, 1965 న్యూయార్క్ ఒప్పందం తర్వాత, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం పదవ భాగం భూపరివేష్టిత దేశాలకు సముద్రప్రవేశ హక్కును, పొరుగుదేశం మీదుగా రవాణా స్వేచ్ఛను ప్రకటించింది. అయితే ఆ స్వేచ్ఛను అనుభవించే విధివిధానాలను ఆయా దేశాలు పరస్పర ఒప్పందాల ద్వారా నిర్ణయించుకోవాలని అదే ఒప్పందం చెబుతుంది. హక్కు సార్వత్రికం, అమలు మాత్రం ద్వైపాక్షికం. 1802 ఒప్పందంలోని బలహీనత ఒక విధంగా నేటి చట్టంలోనూ కొనసాగుతున్నది.

5. ఉప్పు, పత్తి, రైలు

తీరం లేకపోవడం సామాన్యుని వంటింట్లో తెలిసేది ఉప్పు దగ్గరే. చౌడు నేలల నుంచి ఉప్పర్లు తీసే ఉప్పు కొంత ఉన్నా, సముద్రపు ఉప్పు తీరం నుంచి రావలసిందే. రైళ్ళకు ముందు ఈ రవాణా అధికభాగం లంబాడీల ఎద్దుల బిడారులపై సాగింది. తీరం నుంచి ఉప్పు లోపలికి, దక్కను నుంచి ధాన్యం, పత్తి బయటికి వారు చేరవేసేవారు. 'లంబాడీ' శబ్దాన్ని సంస్కృత 'లవణ' పదంతో ముడిపెట్టిన పండితులు కూడా ఉన్నారు. ఆఫ్రికాలో మాలి ఉత్తరాన తావుదెన్ని గనుల నుంచి ఒంటెల బిడారులు ఉప్పుపలకలను తెచ్చేవి. ఇథియోపియాలో ఉప్పు దిమ్మలు నాణేలుగానే చెల్లాయి. లోతట్టు సమాజాలలో ఉప్పు విలువ ఎంతటిదో ఈ ఉదాహరణలు తెలుపుతాయి.

రైలు ఈ బిడారులను కాలక్రమాన తొలగించింది. మొదటి సాలార్ జంగ్ కాలంలో, 1874లో వాడి-సికింద్రాబాదు మార్గం ప్రారంభమై హైదరాబాదును బొంబాయి మార్గంతో కలిపింది. 1889 నాటికి తూర్పున బెజవాడ వరకు రైలు చేరింది. ఈ నిర్మాణాలు వివాదాలకు అతీతం కాలేదు. 1883లో చాందా రైలు పథకపు షరతులు సంస్థాన ఖజానాకు నష్టదాయకమని విద్యావంతులు బహిరంగంగా ప్రశ్నించారు. ఆ ఉద్యమంలో ముందున్న అఘోరనాథ్ చటోపాధ్యాయను ప్రభుత్వం నగరం నుంచి బహిష్కరించింది. హైదరాబాదులో ఆధునిక పౌరచైతన్యపు తొలి ఘట్టాలలో ఒకటిగా చరిత్రకారులు పేర్కొనే ఈ సంఘటన, సముద్రానికి దారి ఎవరి షరతులపై అన్న ప్రశ్నతో ముడిపడి ఉండడం గమనార్హం.

మేడ్చల్ ఈ చిత్రంలోకి వచ్చేది హైదరాబాదు-గోదావరి లోయ రైల్వేతో. నగరం నుంచి బొలారం, మేడ్చల్, నిజామాబాదు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడ్ వరకు 391 మైళ్ళ ఈ మీటరుగేజి మార్గం 1901 నాటికి పూర్తయింది. అప్పుడు మేడ్చల్ నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఒక తాలూకా. ఈ జిల్లా నిజాం సొంత ఆస్తియైన సర్ఫ్-ఎ-ఖాస్ కిందిది. నగరానికి, మేడ్చల్‌కు నడుమ సికింద్రాబాదు, బొలారం కంటోన్మెంట్లలో బ్రిటిషు సేనలు ఉండేవి. నిజాం సొంత భూమిలోని ఒక రైతు పంట రాజధానికి చేరాలన్నా పరసైన్యపు శిబిరం పక్కనుంచే పోవాలి. అదే పంట సముద్రం చేరాలంటే పడమట మన్మాడ్ వరకు పోయి, అక్కడ మీటరుగేజి పెట్టె నుంచి బ్రాడ్‌గేజి పెట్టెకు మారి, బొంబాయి రేవుకు పోవాలి.

పట్టాల వెడల్పు మారినచోట సరుకును దింపి ఎక్కించే ఈ శ్రమ ఆఫ్రికా దేశాలకు సుపరిచితమే. అక్కడి రైళ్ళు కూడా గని నుంచి రేవుకు, వలసపాలకుల అవసరం మేరకు వేసినవి. లోతట్టు ప్రాంతాలను ఒకదానితో ఒకటి కలపడం వాటి ప్రధానోద్దేశం కాదు. హైదరాబాదు ప్రభుత్వం 1930లో తన రైల్వేను కంపెనీ నుంచి కొని సొంతం చేసుకుంది. అయినా మార్గాల చివరి మజిలీలు మాత్రం పరాయి రేవులుగానే మిగిలాయి.

6. 1947-48: దారులు మూసుకున్న వేళ

బ్రిటిషు అధికారం తొలగిపోవడంతో హైదరాబాదు స్వతంత్రంగా ఉండాలని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నిర్ణయించాడు. అప్పుడు రేవు ప్రశ్న మళ్ళీ ముందుకు వచ్చింది. పోర్చుగీసు గోవాలోని మార్మగోవా రేవును వాడుకునే అవకాశం కోసం మంతనాలు జరిగాయి. అయితే గోవాకు, సంస్థానానికి మధ్య ఉన్నది భారత భూభాగమే. రేవు దొరికినా దానికి దారి భారత ప్రభుత్వ అనుమతిపైనే ఆధారపడి ఉండేది.

1947 నవంబరు 29న ఏడాది కాలానికి యథాతథ ఒప్పందం కుదిరింది. కొద్దినెలలకే అది బీటలు వారింది. మందులు, పెట్రోలు, నీటిశుద్ధికి కావలసిన క్లోరిన్ వంటి వస్తువులు రానివ్వకుండా ఆర్థిక దిగ్బంధం చేస్తున్నారని హైదరాబాదు ఆరోపించింది. భారత ప్రభుత్వం ఆ ఆరోపణను అంగీకరించలేదు. భూమార్గాలు బిగిసినప్పుడు సంస్థానం ఆకాశం వైపు చూసింది. ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ 1948లో కరాచీ నుంచి రాత్రివేళ విమానాలలో ఆయుధాలను బీదరు, వరంగల్ విమానాశ్రయాలకు చేరవేశాడు. ఒక రాజ్యపు అవసరాలకు అది ఏమాత్రమూ చాలలేదు.

1948 ఆగస్టు 21న హైదరాబాదు భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారతసేనలు ప్రవేశించాయి. ప్రధాన దళాలు పడమట షోలాపూరు నుంచి, తూర్పున బెజవాడ వైపు నుంచి వచ్చాయి. సంస్థానపు సరుకు సముద్రానికి పోయే దారులూ ఇవే. భద్రతామండలి సెప్టెంబరు 16న విషయాన్ని చర్చకు తీసుకుంది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు. 18న సంస్థాన సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లాంఛనంగా లొంగిపోయాడు.

ఈ పరిణామాన్ని రెండు ఆఫ్రికా ఘట్టాలతో పోల్చవచ్చు. మొదటిది లెసోతో. 1986 జనవరిలో దక్షిణాఫ్రికా సరిహద్దులను దాదాపు మూసివేయగా, కొద్దివారాలలోనే అక్కడి ప్రభుత్వం సైనిక తిరుగుబాటులో కూలిపోయింది. రెండవది జాంబియా. 1964లో స్వతంత్రమైన జాంబియా రాగి ఎగుమతికి దక్షిణాన రొడీషియా రైళ్ళపై ఆధారపడింది. 1965 నవంబరులో రొడీషియాలోని శ్వేతజాతి ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకోవడంతో ఆ దారి సంకటంలో పడింది. 1973లో రొడీషియా సరిహద్దును మూసివేసింది. మొదట జాంబియాకు కూడా ఇంధనం విమానాలలోనే వచ్చింది. కానీ దానికి ఉత్తరాన స్నేహపూర్వకమైన టాంజానియా ఉంది. చైనా సహాయంతో 1970-75 మధ్య టజారా రైలుమార్గం నిర్మాణమై మరొక సముద్రద్వారం తెరుచుకుంది. జాంబియా నిలబడింది. పొరుగుదేశాల సంఖ్య, వాటి వైఖరి ఈ తేడాకు ముఖ్యకారణం.

అయినప్పటికీ 1948 పరిణామాన్ని భూగోళమే నిర్ణయించిందనడం సగం సత్యమే అవుతుంది. సంస్థానంలో 1946 నుంచి తెలంగాణ రైతాంగ సాయుధపోరాటం సాగుతున్నది. స్టేట్ కాంగ్రెసు విలీనోద్యమం నడిపింది. రజాకార్ల హింస ప్రజలను ప్రభుత్వానికి మరింత దూరం చేసింది. ప్రజలలో అత్యధికుల సమ్మతి లేని స్వాతంత్ర్యాన్ని రేవు ఉన్నా నిలుపుకోవడం కష్టమే. జాంబియా ప్రజలు సరిహద్దు మూసివేత వల్ల కలిగిన కష్టాలను భరించారంటే, ఆ స్వాతంత్ర్యం తమదని వారు భావించడం ఒక కారణం. తీరం లేకపోవడం హైదరాబాదు పతనాన్ని వేగవంతం చేసింది. పతనానికి మూలం మాత్రం పాలకులకు, ప్రజలకు మధ్య ఏర్పడిన అగాధంలో ఉంది.

7. సమాఖ్యలో తీరరాహిత్యం

1949 ఫిబ్రవరిలో సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ప్రభుత్వపరమయ్యాయి. మేడ్చల్ ప్రాంతం నిజాం సొంత ఆస్తి నుంచి సాధారణ పరిపాలనలోకి వచ్చింది. 1956 నవంబరు 1న భాషాప్రాతిపదికపై హైదరాబాదు రాష్ట్రం మూడుగా విడిపోయింది. మరాఠీ జిల్లాలు బొంబాయి రాష్ట్రంలో, కన్నడ జిల్లాలు మైసూరు రాష్ట్రంలో, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. పునర్వ్యవస్థీకరణ ఫలితంగా ఈ మూడు రాష్ట్రాలకూ తీరం ఉంది. భాషకోసం జరిగిన విభజన, ఎవరూ ప్రత్యేకంగా కోరకుండానే, పూర్వ సంస్థానంలోని ప్రతి భాగాన్నీ సముద్రంతో కలిపింది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడడంతో వాటిలో తెలుగు భాగం మాత్రం మళ్ళీ తీరరహితమైంది.

అయితే 1948 నాటి తీరరాహిత్యం, 2014 నాటి తీరరాహిత్యం ఒకటి కావు. భారత రాజ్యాంగంలోని 301వ అధికరణం దేశమంతటా వర్తక, వాణిజ్య స్వేచ్ఛను హామీ ఇస్తుంది. 2017 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన వస్తుసేవల పన్ను రాష్ట్రసరిహద్దులలోని తనిఖీకేంద్రాల ప్రాముఖ్యాన్ని చాలావరకు తగ్గించింది. తెలంగాణ నుంచి కంటెయినరు ఏ భారతీయ రేవుకైనా పోవచ్చు. అందుకు పొరుగు రాష్ట్రపు అనుమతి అక్కరలేదు. సనత్‌నగర్‌లోని ఇన్‌లాండ్ కంటెయినర్ డిపోలోనే కస్టమ్స్ పరిశీలన పూర్తవుతుంది. మిగిలినది దూరం, దానివల్ల అయ్యే ఖర్చు మాత్రమే. తెలంగాణలో డ్రైపోర్టు నిర్మించి బందరు రేవుతో కలపాలనే ప్రతిపాదన ఆ ఖర్చును తగ్గించేందుకే.

మాలి అనుభవం దీనికి వ్యతిరేక దిశలోనిది. 1960లో సెనెగల్‌తో కలిసి మాలి సమాఖ్యగా ఉన్నంతకాలం డాకర్ రేవు సొంత రేవే. ఆ ఏడాది ఆగస్టులో సమాఖ్య విచ్ఛిన్నం కాగానే డాకర్-బమాకో రైలుమార్గం నిలిచిపోయింది. 1963 వరకు అది తిరిగి తెరుచుకోలేదు. పట్టాలు, రేవు, దూరం ఏవీ మారలేదు. మారినది ఆ రెండు ప్రాంతాల రాజకీయ సంబంధం. రాష్ట్రవిభజన జరిగినా సమాఖ్య చెక్కుచెదరనందున తెలంగాణకు అటువంటి స్థితి రాలేదు.

8. తేలికైన సరుకు: శామీర్‌పేట ఉదాహరణ

రవాణా భారాన్ని తట్టుకోవడానికి భూపరివేష్టిత ప్రాంతాలకు మరొక మార్గం ఉంది. బరువు తక్కువ, విలువ ఎక్కువ గల వస్తువులను ఉత్పత్తి చేయడం. బోట్స్వానా 1966లో స్వతంత్రమైంది. మరుసటి సంవత్సరమే ఒరాపాలో వజ్రాలు బయల్పడ్డాయి. వజ్రాలకు రేవుతో పనిలేదు. ఆ ఆదాయాన్ని క్రమశిక్షణతో వినియోగించి ఆ దేశం ఆఫ్రికాలో మెరుగైన స్థితికి చేరింది.

శామీర్‌పేటలో ఈ పాత్రను టీకాలు, ఔషధాలు నిర్వహిస్తున్నాయి. 1999లో ఆరంభమైన జీనోమ్ వ్యాలీ తుర్కపల్లి పరిసరాలలో విస్తరించింది. భారత్ బయోటెక్ వంటి సంస్థలు ఇక్కడ టీకాలు తయారుచేస్తున్నాయి. సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిలుపవలసిన టీకాకు వారాల తరబడి సాగే ఓడప్రయాణం కంటే విమానం అనుకూలం. 2008లో శంషాబాదు విమానాశ్రయం, తర్వాత మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా నగరం చుట్టూ 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి రావడంతో ఈ పరిశ్రమకు తీరం లేని లోటు దాదాపు లేనట్లయింది. 1948లో రాత్రివేళ రహస్యంగా వాడుకున్న ఆకాశమార్గమే నేడు పగటి వర్తకమార్గమైంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాకు శామీర్‌పేట పరిపాలనాకేంద్రం కావడం ఈ మార్పుకు కొనసాగింపు.

ఇక్కడి ఉత్పత్తులు ఆఫ్రికా భూపరివేష్టిత దేశాలకు చేరిన సందర్భం కూడా ఉంది. మలావీలోని బ్లాంటైర్‌లో 2018లో సుమారు 28,000 మంది పిల్లలతో టైఫాయిడ్ టీకా క్షేత్రపరీక్ష మొదలైంది. అందులో వాడినది భారత్ బయోటెక్ తయారుచేసిన సంయోజక టీకా. అది సుమారు 80 శాతం రక్షణ ఇచ్చినట్లు 2021లో ఫలితాలు వెలువడ్డాయి. 1980లలో మొజాంబిక్ అంతర్యుద్ధం వల్ల నకాలా, బెయిరా రేవుల దారులు తెగిపోయి, సరుకును దూరాన ఉన్న డర్బన్ మీదుగా తిప్పి తెచ్చుకున్న దేశం మలావీ.

అయితే ఈ ఉదాహరణకు పరిమితి ఉంది. టీకా విమానంలో పోగలదు. ధాన్యం, సిమెంటు, ఎరువులు పోలేవు. మేడ్చల్ చుట్టుపక్కల రైతుకు కావలసిన ఎరువు నేటికీ రేవు నుంచి రైల్లోనో లారీలోనో రావలసిందే. తేలికైన సరుకు ఒక పరిశ్రమను తీరం అవసరం నుంచి విముక్తం చేస్తుంది గాని మొత్తం సమాజాన్ని చేయలేదు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, హైదరాబాదు తీరరాహిత్యం చారిత్రకంగా ఏర్పడింది. 1753-1788 మధ్య జరిగిన అప్పగింతలు దానిని సృష్టించాయి. ఇథియోపియా, మాలి చరిత్రలు కూడా ఇదే విషయాన్ని ధ్రువీకరిస్తాయి. రెండవది, దూరం కంటే పొరుగు అధికారంతో గల సంబంధం ముఖ్యం. సముద్రానికి దగ్గరగా ఉన్న హైదరాబాదు నిలువలేకపోయింది. ఎంతో దూరాన ఉన్న జాంబియా మరొక పొరుగుదేశపు స్నేహంతో నిలిచింది. మూడవది, సమాఖ్య రాజ్యాంగం ఈ సమస్య స్వభావాన్నే మార్చగలదు. ఒకప్పుడు సార్వభౌమత్వాన్నే ప్రశ్నించిన లోటు, నేటి తెలంగాణలో రవాణా ఖర్చుల పద్దుగా మారింది.

ఈ దృష్టితో చూస్తే 'భూపరివేష్టిత' అనే పదాన్ని బోధించేటప్పుడు పటంలోని రంగులతో పాటు ఒప్పందాల తేదీలను, రైలుమార్గాల దిశను, సరిహద్దుకు అవతలనున్న ప్రభుత్వాన్ని కూడా విద్యార్థికి చూపడం అవసరం. అందుకు ఆఫ్రికా పటం ఎంత ఉపయోగపడుతుందో, మేడ్చల్ మీదుగా నేటికీ రైళ్ళు నడిచే ఆ గోదావరి లోయ మార్గం కూడా అంతే ఉపయోగపడుతుంది.